విత్తనపు అల్లము

అల్లము నెరుగని వంటిల్లు తెలుగునాట ఉండదు. పెసరట్టుపై చల్లు సన్నని ముక్కలు, జలుబు చేసినప్పుడు అవ్వ కాచి యిచ్చు కషాయము, బెల్లపు పాకమున ఉడికిన మురబ్బా, బాలింతకు పెట్టు శొంఠిపొడి, ఇవన్నియు ఆ ఒక్క దుంప రూపములే. శొంఠి లేని కషాయము లేదని పెద్దలందురు. అయినను ఆ దుంప నేలలో ఏ తీరున పెరుగునో, దానిని నమ్ముకొనిన రైతు ఎన్ని దినములు ఆకాశము వంకను, ఆకుల వంకను చూచుచు గడపునో ఎరిగినవారు కొలదిమంది.

అల్లమునకు గింజ లేదు. మొక్క అరుదుగా పూయును గాని విత్తు కట్టదు. దుంపను ముక్కలుగా కోసి నాటుటయే దాని వంశమును నిలుపు మార్గము. కావున నేడు మనము అంగడిలో కొను ప్రతి కొమ్మును, ఏనాడో ఎవరో ఒక రైతు తినక, అమ్మక, మరల మట్టిలో పెట్టిన ముక్కనుండి వచ్చినదే. దానిని సంతానమనుటకంటె అదే దేహమనుట సరియేమో! 13వ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో, కొల్లమున మంచి అల్లము పండుననియు, దానిని ఆ ఊరి పేరుతోనే పిలుతురనియు వ్రాసెను. అప్పటికే అది ఎన్ని చేతులు మారియుండెనో!

తెలంగాణమున సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదు ప్రాంతము అల్లమునకు పేరుపొందినది. అచ్చటి ఎర్రనేలలలో నీరు నిలువక ఇంకిపోవును. దుంపకు కావలసినది అట్టి నేలయే. ఆ ప్రాంతమున ఒక రైతు ఎకరము నేలలో అల్లము వేసెను. ఎకరమునకు 600 నుండి 700 కిలోల విత్తనపు దుంప కావలెను. అది వరి విత్తనము వలె ఒక మూటతో తీరునది కాదు. పెట్టుబడిలో పెద్ద భాగము దానికే పోవును. సిక్కిము కొండలలోని రైతులు మొక్క నిలదొక్కుకొనిన పిమ్మట, నాటిన పాత ముక్కను నేర్పుగా త్రవ్వి తీసి అమ్ముకొని, విత్తనపు ఖర్చును కొంత రాబట్టుకొందురు. మన రైతునకు ఆ వాడుక లేదు. అతడు అప్పు చేసి విత్తనము కొనెను.

తొలకరికి ముందే మీటరు వెడల్పున, జానెడుకు పైగా ఎత్తున మళ్ళు కట్టించెను. ఒకటి రెండు కన్నులుండునట్లు దుంపలను కోసి, జానెడేసి దూరమున నాటించి, పైన పచ్చియాకు దట్టముగ పరపించెను. ఆకు కప్పనిచో వాన దెబ్బకు మట్టి కొట్టుకొనిపోవును, కలుపు పెరుగును, ఎండకు తేమ ఆరిపోవును. రెండు నెలలకు చేను చూడముచ్చటగా ఎదిగెను.

భాద్రపదమున ఏడు దినములు ముసురు పట్టెను. వాన వెలిసిన నాడు చేని పల్లపు మూలలో కొన్ని మొక్కల ఆకులు పచ్చగా నుండియే చుట్టలు చుట్టుకొని వ్రేలాడుచుండెను. రైతు ఒక కాడను పట్టి లాగెను. అది తేలికగా ఊడి చేతికి వచ్చెను. ఇంటికి కొనిపోయి, కాడను అడ్డముగ కోసి, తేట నీరు పోసిన గాజుగ్లాసులో నిలిపెను. కొంతసేపటికి కోసిన చోటనుండి పాలదారము వంటి తెల్లని తీగ నీటిలోనికి జారెను. అది సూక్ష్మజీవుల వలన కలుగు వాడు తెగులు. సోకిన మొక్కను బ్రతికించు మందు లేదు. ఈ తెగులు జాతి టమాట, వంగ, బంగాళదుంపలను కూడ పట్టును. ఆ మూలన అంతకు ముందు బంగాళదుంప వేసియుండిరి. ముప్పు నేలనుండి వచ్చెనో, కొన్న విత్తనముతోడనే వచ్చెనో చెప్పుట కష్టము.

రైతు ఆ మూలనున్న మొక్కలను దుంపలతో కూడ పెరికి కాల్చివేసెను. పల్లపు నీరు వేరొకవైపు పోవునట్లు కాలువ త్రవ్వెను. పిదప మిట్టనున్న మళ్ళలోనికి పోయి, ఆకు పచ్చగా నిగనిగలాడు దుబ్బులను ఏరి, ఒక్కొక్కదాని ప్రక్కన ఒక పుల్ల గ్రుచ్చెను. విత్తనమునకు దుబ్బును చేను పచ్చగా నుండగనే గుర్తింపవలెను. ఎనిమిది నెలలకు ఆకులన్నియు పండి యెండిపోవును. అప్పుడు రోగి యెవరో, ఆరోగ్యవంతుడెవరో తెలియదు.

పుష్యమాసమున దుంపలు త్రవ్విరి. ఎకరమునకు 6 నుండి 10 టన్నులు పండవలసిన పంట మూడు టన్నులకు మించలేదు. పుల్ల గ్రుచ్చిన దుబ్బులనుండి వచ్చినది సుమారు 800 కిలోలు. రెండు రాశులను ప్రక్కప్రక్కన పోసిరి. చూపునకు భేదమేమియు లేదు.

ఆ వారమే పొరుగూరి రైతొకడు విత్తనము కొరకు వచ్చెను. రెండు రాశులను చేతులతో ఎత్తి చూచి, మొత్తము విత్తనపు ధరకే కొందుననియు, సగము రొక్కము వెంటనే యిత్తుననియు చెప్పెను. ఆ సొమ్ముతో అప్పు తీరిపోవును. తమ్ముడు అన్నను ప్రక్కకు పిలిచెను.

"అన్నా! నడిమి మళ్ళలో తెగులు కనబడలేదు గదా?"

"కనబడలేదు. కాని లేదని నేను చెప్పలేను."

"ఆయన అడుగలేదు."

రైతు మారు పలుకలేదు. కొంతసేపు రాశి చెంత కూర్చుండెను. పిమ్మట లేచి, వచ్చినవానితో, "అయ్యా! ఈ చిన్న రాశి విత్తనము. ఆ పెద్దది వంటకే. ఈ యేడు నా చేని మూలన తెగులు పడినది" అని చెప్పెను.

వచ్చినవాని ముఖము మారెను. అతడు చాలసేపు ఆలోచించి, చిన్నరాశిలో సగము మాత్రము కొని పోయెను. పెద్దరాశి కడిగి సంతకు పంపిరి. అంగడి ధర విత్తనపు ధరలో సగమైనను లేదు. అప్పు పూర్తిగా తీరలేదు. తమ్ముడు రెండు దినములు అన్నతో మాటలాడలేదు.

మిగిలిన విత్తనమును రైతు చెట్టునీడను గోతిలో దాచెను. గోతి ప్రక్కలకు పేడ అలికి, దుంపను, ఇసుకను వరుసలుగా పేర్చి, పైన గాలి ఆడుటకు చోటు విడిచి, పలకలతో మూసెను. నెలకొకమారు పలకలు తీసి, ముడుతపడిన దుంపలను ఏరి పారవేయుచుండెను. మూడవమారు తీసినప్పుడు తమ్ముడును వచ్చి గోతి అంచున కూర్చుండి ఏరసాగెను. ఆ యేడు పాత చేనిలో మొక్కజొన్న వేసిరి. తెగులు పడిన నేలలో కొన్ని యేండ్లు అల్లము వేయరాదు. ఊరికి ఆవలి మిట్టపై అరయెకరము కౌలునకు తీసికొని, అందులో కొత్త మళ్ళు కట్టిరి.

నాటిన మూడవ వారమున తమ్ముడు పరుగున వచ్చి అన్నను చేనికి పిలుచుకొని పోయెను. కప్పిన ఆకును వ్రేలితో తొలగించి చూపెను. ఎర్రమట్టిని చీల్చుకొని, సూదిమొన వంటి లేతమొలక ఒకటి బయటికి వచ్చియుండెను.