రొయ్యల గుంటల కాడ మా కంపెనీ ఉద్యోగం

చిన్న టెక్నాలజీ కంపెనీలో చేరొచ్చా అని గ్రూపులో కొందరు అడిగారు. హాస్టల్లో ఉండే మేం ఇద్దరం ఎండాకాలం సెలవుల్లో రెండు నెలలు చేశాం, అందుకే రాస్తున్నాం.

మాది జువ్వలదిన్నె, యానాదులం. మా నాయనలు రొయ్యల గుంటల కాపలా. కంపెనీలో మొత్తం ఎనిమిది మందే. నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్లు గుంటల్లో బిగించడం మా పని. విజయవాడలో 2012లో మొదలైన ఎరువాక టెక్నాలజీస్ ఇలాంటి పరికరాలతోనే పేరు తెచ్చుకుంది. మాది అది కాదు, చాలా చిన్నది. చిన్నది కాబట్టే సోల్డరింగ్ నుంచి రైతులతో మాట్లాడడం దాకా అన్నీ చేతికొచ్చాయి.

నీళ్ళలో నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తనే పీల్చుకుంటుంది. అందుకే తెల్లారుజామున బాగా పడిపోద్ది. లీటరుకి 4 మిల్లీగ్రాముల కిందకి పోతే ఫోన్ మోగాలి. సార్ బోర్డు మీద బొమ్మేసి చెప్పారు. బడి మొహం చూడని మా నాయనలు టార్చి వేసి, రొయ్యలు పైకి తేలితే ఏరియేటర్లు ఆన్ చేస్తారు. సంగతి అదే.

ఒక రాత్రి ఫోన్ మోగలేదు. సెన్సర్‌కి పాచి పట్టింది. మాలో ఒకరి నాయన లేచి చూడబట్టి గుంట దక్కింది. సెన్సర్ తుడిచే పని కాపలావాళ్ళకిచ్చి డబ్బులివ్వండి, యాప్ తెలుగులో మాట్లాడేలా చెయ్యండి అని మీటింగులో అడిగాం. తుడిచే పని ఇచ్చారు, డబ్బుల ఊసే లేదు.

"ఈ మిషను బాగా పనిచేస్తే నన్ను తీసేస్తారా?" అని ఆ నాయనే అడిగాడు. సార్‌ని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

చేరేవాళ్ళు జీతం సంగతి ముందే కాగితం మీద రాయించుకోండి. మాకు రెండో నెలది ఇంకా రాలేదు. వచ్చే ఎండాకాలం మళ్ళీ రమ్మన్నారు. పాతది ఇస్తే పోతాం, పని మాత్రం ఇష్టమే.