బొంతకు ఫ్లానెలు అస్తరు

బొంత యనునది తెలుగువారి యింట క్రొత్తగుడ్డతో చేయు వస్తువు కాదు. చిరిగిన చీరలను, ప్రాత పంచెలను నాలుగైదు పొరలుగా పఱచి, దగ్గఱ దగ్గఱ కుట్లు వేసి కూర్చినదియే బొంత. చీర బొంతలోనికి వచ్చునప్పటికి నూఱుమార్లు ఉదుకబడి, కుదించుకొనవలసినంత కుదించుకొని, విడువవలసిన రంగు విడిచి మెత్తబడియుండును. కావున ప్రాతబొంతలో పొరకును పొరకును తగవు లేదు.

1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన ట్రూరో యను ఓడ చెన్నపట్టణమునుండి డర్బను రేవు చేరినది. అది మొదలు 1911 వఱకు ఒడంబడికపై నేటాలునకు వచ్చిన కూలీలు లక్షా యేబదివేలకు పైబడిరి. వారిలో విశాఖపట్టణము, ఉత్తరార్కాడు మొదలగు జిల్లాల తెలుగువారు పెక్కుమంది. నేడు క్వాజూలు-నేటాలు అనబడు ఆ ప్రాంతమున జూను, జూలై నెలలు చలికాలము. చెఱకు పండెడి తీరమున చలి యంతగా లేకున్నను, లోపలి మెట్టలయందు తెల్లవాఱుజామున నేలపై మంచు పేరుకొనును. అరిగిన నూలుచీరల బొంత అట్టి రాత్రులకు చాలదు. ఫ్లానెలు అస్తరు వేసికొనుట అచ్చటనే అక్కఱకు వచ్చును.

ఫ్లానెలు మొదట ఉన్నిగుడ్డ; వేల్సు దేశము దానికి పేరుపొందినది. ఇప్పుడు అంగళ్లలో ఆ పేరుతో దొరకునది చాలవఱకు నూలుగుడ్డయే. సన్నని తీగెపండ్లుగల ఉరుళ్లపై దానిని నడిపించి పైపోగులను రేపుదురు. ఆ నూగులో గాలి చిక్కుకొని నిలుచుటచేత ఒంటి వేడి బయటికి పోనేరదు. పండుకొనగానే చల్లగా తగులదు. మఱియు నూగు పక్కగుడ్డను పట్టుకొనునుగాన బొంత జాఱదు. నిదురలో దుప్పటి తన్నివేయు పిల్లలున్న యింట ఈ గుణ మొక్కటియే చాలును. అస్తరు ఇట్టిదైనప్పుడు లోపల ఒక పలుచని పొర చాలును. నాలుగు పొరలు పెట్టినచో బొంత బరువెక్కి, సూది దిగక, వ్రేళ్లు నొచ్చును.

అయితే క్రొత్త ఫ్లానెలు ప్రాతచీరవలె లోకము చూచినది కాదు. ఒక యిల్లాలు అత్తగారు పోయిన పిమ్మట ఆమె చీరలు మూడింటిని దాచి, తొలిచూలు బిడ్డకొఱకు బొంత కుట్టినది. అస్తరునకు అంగడినుండి తెచ్చిన ఫ్లానెలును తెచ్చినట్లే వేసినది. రెండు నెలల కుట్టుపని. మొదటి ఉదుకులోనే అస్తరు కుదించుకొనిపోయెను. పైనున్న చీరలు ముడుతలుపడి, బలము లేని చోట్ల కుట్ల వెంబడి చినిగెను. ఆ చీరలను మఱల ఎచ్చటనుండి తేగలదు? ఆమె కుట్లన్నియు విప్పి, మిగిలిన మేలిముక్కలను ఏఱి, చిన్న బొంత కుట్టుకొనినది. ప్రాతబట్టకు క్రొత్తగుడ్డ మాసిక తగదను మాట మత్తయి సువార్త 9వ అధ్యాయమున నున్నది. అచ్చటి గ్రీకుమాటకు ఇంకను చాకిపని తగులని గుడ్డ యని అర్థము. అది చెప్పినది సూదిపని నేర్పుటకు కాకున్నను, సూదిపట్టిన ప్రతి యాఁడుదానికి ఎఱుకయైన సంగతియే.

కావున గుడ్డ యింటికి వచ్చిన దినముననే వేడినీళ్లలో ఉదికి యెండవేయవలెను. రెండుమార్లైన మఱియు మంచిది. గజమునకు రెండంగుళములు తగ్గుట సాధారణమే గనుక కొనునప్పుడే హెచ్చుగా కొనవలెను. ఎఱుపును ముదురునీలమును వేఱుగా ఉదుకవలెను; నీళ్లకు రంగెక్కుట మానువఱకు వాటిని లేతరంగు చీరకు తోడు చేయరాదు. రెండు పన్నాలు అతుకవలసినచో బిగువైన నేతయంచులను కత్తిరించివేసి, అర అంగుళము లోనికి విడిచి కుట్టి, అతుకును రెండు ప్రక్కలకు విప్పి ఇస్త్రీ చేయవలెను. ఫ్లానెలు లాగినకొలది సాగును. కావున నూగు నేలవైపునకు వచ్చునట్లు పఱచి, చేతితో నిమిరి సరిచేయవలెనే గాని గుంజరాదు. దానిపై లోపొరయు, అన్నిటిపైన చీరయు వేసి, ముందుగా పెద్ద కుట్లతో నిలిపి, తరువాత నడుమనుండి అంచులకు కుట్టుకొనిపోవలెను. చిన్నకుట్లు నూగులో మునిగి కానరావు. వాటికై కన్నులు పాడుచేసికొన నక్కఱలేదు. మిషనుపై కుట్టువారు బాబిను చుట్టును చేరు నూగుపొడిని తఱచుగా కుంచెతో తుడువవలెను.

ఒక భయము మాత్రము గలదు. నూలు ఫ్లానెలు నూగునకు నిప్పు తగిలినచో మంట పైపైన క్షణములో ప్రాకును. ఇరువదవ శతాబ్దపు తొలియేండ్లలో ఇంగ్లండునందు ఇట్టి చవుకగుడ్డతో కుట్టిన అంగీలు అంటుకొని పసిపిల్లలు పెక్కండ్రు మరణించిరి. మాంచెస్టరునందలి రసాయన పండితుడు విలియం హెన్రీ పెర్కిను, అద్దకపు రంగు కనుగొనిన పెర్కినుగారి కుమారుడు, తగరపు లవణములతో గుడ్డకు నిప్పంటకుండ చేయు విధమును కనుగొనెను. నేడు అంగడిలో గజములలెక్కన అమ్మునది సాధారణముగా అట్లు శుద్ధిచేసినది కాదు. కనుక క్రొవ్వొత్తి, కిరసనాయిలు పొయ్యి, కుంపటి ఉన్న గదిలో బొంత అంచు వ్రేలాడనీయరాదు. బిడ్డకు చలియని పొయ్యిదగ్గఱ బొంతతో పండుకొనబెట్టుట ఎంతమాత్రమును తగదు.

ఫ్లానెలు అస్తరు బొంత తడిసినచో మిక్కిలి బరువగును. దానిని ఒక్కరు పిండజాలరు. ఇద్దఱు చెఱియొక కొన పట్టుకొనవలెను. ఆరవేయుటకు గాలిగల దినము మేలు, కాని చెఱకుతోట తగులబెట్టు దినము కారాదు. నల్లని మసి గాలిలో తేలివచ్చి నూగులో దిగినయెడల ఎన్నిమార్లు ఉదికినను సులభముగా వదలదు.