మచాన్ మీద ఒక రోజు

గవర్నర్‌పేటలో మా పాత ఇంటి గోడకు ఒక జత కొమ్ములు ఉండేవి. దాదాజాన్ షికార్‌కు మిగిలిన నిషానీ. నల్లమలలో చెట్టు మీద మచాన్ కట్టుకుని రాత్రంతా కూర్చునేవారట. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక తుపాకీ పక్కన పెట్టేశారు. మా వంతుకు వచ్చినవి హిరన్ కబాబ్ గురించి దాదీమా చెప్పే కహానీలే.

ఆ కబాబ్ ఒక్కసారైనా తినాలని మా తమ్ముడికి చిన్నప్పటి నుంచీ హవస్. ఇప్పుడు వాడుండేది పెన్సిల్వేనియాలో. అక్కడ లైసెన్స్, ట్యాగ్ తీసుకుంటే అక్టోబర్‌లో బాణంతో జింకను కొట్టడానికి ఇజాజత్ ఉంది. నేను వెళ్లినప్పుడు నన్నూ లాక్కెళ్లాడు.

వాడిది కాంపౌండ్ విల్లు. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచింది ఈ రకం విల్లుతోనే. కొసలకు చక్రాలుంటాయి. తాడు పూర్తిగా లాగాక బరువు చాలావరకు తగ్గిపోతుంది, గురి పట్టుకుని ఆగొచ్చు. 1969లో దీనికి పేటెంట్ పొందిన హోలెస్ విల్బర్ అలెన్ అనే మిస్సోరీ మనిషి దీన్ని తయారుచేసుకుంది పతకాల కోసం కాదు, జింకల కోసమే.

కారు పక్కనే ఫజర్ చదివి, చీకట్లోనే మంచె ఎక్కాం. ఇద్దరు పట్టే ఇనుప మంచె, పదిహేను అడుగుల ఎత్తు. నడుముకూ భుజాలకూ బెల్టులు కట్టి చెట్టుకు బిగించాడు. షికారీలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడి నుంచి పడే అని నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

ఇక కూర్చోవడమే. దగ్గు రాకూడదు, ఫోన్ తీయకూడదు. గాలి మన వైపు నుంచి జింక వైపు వీచిందా, ఖతం, వాసన పట్టేస్తుంది. ఎండుటాకుల్లో చప్పుడైన ప్రతిసారీ గుండె ఝల్లుమనేది. చూస్తే ఉడుత. జొహర్‌కు దిగి ఆకుల మీదే నమాజ్ చేసి మళ్లీ ఎక్కాం. సబర్ అంటే ఏమిటో బయాన్లలో ఎంతో విన్నాను గానీ, నా మోకాళ్లకు తెలిసింది ఆ రోజే.

అసర్ చదివి ఎక్కిన కాసేపటికి వచ్చింది. తెల్లతోక జింక, కొమ్ముల్లేనిది. తమ్ముడు మెల్లగా లేచి తాడు లాగాడు. 'బిస్మిల్లాహి అల్లాహు అక్బర్' అని వాడి పెదాలు కదలడం చూశాను. తప్ మని చప్పుడు. జింక ఎగిరి పొదల్లోకి పరిగెత్తింది.

అరగంట ఆగి దిగాం. వెంటనే తరిమితే గాయంతో ఇంకా దూరం పోతుందట. ప్రాణంతో దొరికితే జిబహ్ చేయాలని నడుముకు ఛురీ పెట్టుకున్నాడు. ఆకుల మీద ఖూన్ చుక్కలు, నురగతో, లేత ఎరుపు. "ఊపిరితిత్తులకే తగిలింది భాయ్" అన్నాడు ఖుషీగా. ఆ చుక్కలు ఒక వాగు దగ్గర ఆగిపోయాయి. జింక వాగులో పడి ఉంది, తల నీళ్లలో మునిగి.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చిన్నప్పుడు మౌల్వీ సాబ్ దగ్గర ఇద్దరం చదువుకున్నదే. హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) షికార్ గురించి అడిగిన సవాళ్లకు హుజూర్ (స) ఇచ్చిన జవాబుల్లో ఇదీ ఉంది: వేట నీళ్లలో పడి చచ్చి కనిపిస్తే తినొద్దు. చంపింది నీరో, నీ బాణమో నీకు తెలియదు.

"బాణానికే పోయుంటుంది భాయ్. ఆ ఖూన్ చూశావుగా" అన్నాడు. ప్రాణం తీసే దెబ్బ ముందే తగిలిందని యఖీన్ ఉంటే నీళ్లతో పనిలేదని చెప్పిన ఉలమా ఉన్నారు. నాకూ అదే అనాలనిపించింది. పొద్దుటి నుంచీ కూర్చున్నది నేనూ కదా.

"నీకు యఖీనేనా?" అన్నాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. ప్యాంటు తడుస్తున్నా దిగి జింకను గట్టుకు లాగాడు. మెడ మీద చేయి వేసి చూశాడు, ఇంకా వెచ్చగా ఉందన్నాడు. తర్వాత వాళ్ల వీధిలో ఉండే గోరా షికారీకి ఫోన్ చేసి, వచ్చి తీసుకెళ్లమన్నాడు. ఎందుకని అతను అడిగితే, నీళ్లలో పడింది, మా మజహబ్‌లో కుదరదు అని రెండు ముక్కల్లో చెప్పాడు. అతను ఇంకేమీ అడగలేదు.

ఇంటికి వెళ్లేసరికి మరదలు కబాబ్ మసాలా నూరి, పచ్చి బొప్పాయి తురిమి పెట్టింది. మమ్మల్ని చూసి ఏమీ అడక్కుండా ఫ్రిజ్‌లోంచి గుడ్లు తీసింది. ఆ మసాలాతోనే ఖాగీనా చేసింది. తమ్ముడు తడి సాక్సులు విప్పుకుని మూడు రొట్టెలు తిన్నాడు.