దేనికీ భయపడని ఓడ

ఇంగ్లండు దక్షిణ తీరాన పోర్ట్స్‌మత్ అనే పెద్ద రేవుపట్నం ఉన్నది. మీరు ఎప్పుడైనా అక్కడికి వెళితే, 1805లో ట్రఫాల్గర్ యుద్ధం చేసిన 'విక్టరీ' అనే కొయ్య ఓడను చూడవచ్చు. ఆ రేవులోనే పుట్టి, ఒకప్పుడు దేశదేశాలను హడలగొట్టిన ఉక్కు ఓడ ఒకటి ఉండేది. దాన్ని మాత్రం మీరు చూడలేరు. దాని పేరు 'డ్రెడ్‌నాట్'. అంటే, దేనికీ భయపడనిది అని అర్థం.

దాని నిర్మాణం 1905 అక్టోబరు 2న ఆరంభమయింది. 1906 ఫిబ్రవరి 10న ఏడవ ఎడ్వర్డు రాజు దాన్ని నీటిలోకి దింపాడు. అక్టోబరు 3న, అంటే సరిగా ఏడాది మీద ఒక్క రోజుకు, అది పరీక్షల కోసం సముద్రం మీదికి వెళ్ళింది. అంత పెద్ద యుద్ధనౌక అంత త్వరగా తయారయిందంటే అందరూ ఆశ్చర్యపోయారు.

దాని గొప్ప ఏమిటి? అదివరకటి యుద్ధనౌకలకు 12 అంగుళాల ఫిరంగులు సాధారణంగా నాలుగే ఉండేవి. దీనికి పది! ఒక్కొక్క గుండు బరువు 850 పౌన్లు. ఆవిరి టర్బైన్ల బలంతో ఇది గంటకు 21 నాటికల్ మైళ్ళు పోగలదు. ఇది రాగానే మిగిలిన యుద్ధనౌకలన్నీ పాతబడిపోయాయి. బ్రిటన్ సొంత నౌకలు కూడా!

కాని తాడి తన్నేవాడి తల తన్నేవాడుంటాడు గదా! జర్మనీ కూడా ఇలాటి ఓడలు కట్టసాగింది. అవి పట్టేటందుకు కీల్ కాలువను వెడల్పు చేయించింది. బ్రిటన్ ఇంకా పెద్దవి కట్టింది. 1915 నాటికి 15 అంగుళాల ఫిరంగుల ఓడలు వచ్చాయి. పదేళ్ళు నిండకుండానే డ్రెడ్‌నాట్ కూడా పాతబడింది.

1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. 1915 మార్చి 18న స్కాట్లండుకు ఉత్తరాన 'యు-29' అనే జర్మన్ జలాంతర్గామి డ్రెడ్‌నాట్ కంటపడింది. డ్రెడ్‌నాట్ దాని మీదికి దూసుకుపోయి, ముందు భాగంతో ఢీకొట్టి ముంచేసింది. జలాంతర్గామిలో ఉన్నవారిలో ఒక్కరూ బతకలేదు. డ్రెడ్‌నాట్ ముంచిన శత్రువు అదొక్కటే. 1916లో జట్లండ్ వద్ద మహా నౌకాయుద్ధం జరిగినప్పుడు అది మరమ్మతులో ఉన్నది. లోకాన్ని భయపెట్టిన ఆ పది ఫిరంగులు ఒక్క శత్రునౌకనైనా ముంచలేదు!

1921లో దాన్ని పాత ఇనుము కింద అమ్మేశారు. 1923లో స్కాట్లండులోని ఇన్వర్‌కీథింగ్‌లో ముక్కలు చేశారు. దాన్ని చూసి భయపడి దేశాలు పోటీపడి కట్టిన ఓడలకు మాత్రం 'డ్రెడ్‌నాట్లు' అనే దాని పేరే మిగిలింది.