లాగితే రాదు... తడిపితేనే వస్తుంది!

పాముకీ బట్టకీ సంబంధం ఏమిటని ఎవరైనా అడిగితే మా సిరిసిల్ల వాళ్లు చెప్పగలరు. ‘కుబుసం’ అంటే పాము విడిచే పొర ఒక్కటే కాదు. పాత తెలుగులో రవిక, చొక్కా లాంటి తొడుగుకీ అదే పేరు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన ఊరు మాది. దాంతో పోటీ పడేంత పల్చటి బట్ట ఏదైనా ఉందంటే అది పాము కుబుసమే. అదీ ఒక్క కుట్టు లేకుండా!

ఆ తొడుగు విప్పుకోవడం పాముకు అన్నిసార్లూ తేలిక కాదని నాకు తెలిసింది నిరుడు ఎండాకాలంలో. మా చిన్నాయన సాంచాల షెడ్డు పక్కనే నూలు గోదాం ఉంది. ఎలుకల కోసం వచ్చిందో ఏమో, ఓ జెర్రిపోతు బీముల సందులో చిక్కుకుంది. ఒంటిమీద కుబుసం సగం ఊడి, సగం ఎండి అతుక్కుపోయింది. కళ్లు పాలు పోసినట్టు తెల్లగా ఉన్నాయి. ‘‘పురుగుకు కండ్లు పోయినయ్, గా పొర పట్టి గుంజుండ్రి’’ అని ఒకరు, ‘‘కట్టె తేండ్రి’’ అని ఇంకొకరు. పాములు పట్టే కుర్రాడు వచ్చేదాకా వాళ్లను ఆపడమే నా పని అయింది.

అతను వస్తూనే అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేశాడు. ‘‘అన్నా, దీనికి విషం లేదు. కండ్లు కూడా పోలేదు’’ అన్నాడు మాతో.

పాముకు కనురెప్పలు ఉండవు. కంటిమీద అద్దం లాంటి పొలుసు ఉంటుంది. కుబుసంతోపాటు అదీ ఊడుతుంది. లోపల కొత్త చర్మం తయారయ్యాక పాత, కొత్త పొరల మధ్య పల్చటి ద్రవం చేరుతుంది. అప్పుడే కళ్లు మసకబారతాయి, ఒంటి రంగు వెలిసినట్టవుతుంది. చూపు ఆనదు కాబట్టి తిండి మానేసి ఓ మూల నక్కుతుంది. కదిపితే చిరాకుపడుతుంది. కొన్ని రోజులకు కళ్లు తేటపడతాయి. ఆ తర్వాత మూతిని రాయికో వేరుకో రుద్దుకుని, పెదాల దగ్గర పొర చీల్చి, మేజోడు తిరగేసి విప్పినట్టు తోకదాకా ఒకే ముక్కగా విడిచేస్తుంది.

గాలిలో తేమ లేకపోయినా, ఒంట్లో నీరు తగ్గినా, గాయాలున్నా ఈ లెక్క తప్పుతుంది. పొర ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. తోక కొసన మిగిలిపోతే ఉంగరంలా బిగిసి రక్తం అందనివ్వదు. బలవంతంగా లాగితే కింది పచ్చి చర్మమూ లేచొస్తుంది. కంటి పొరను గిల్లితే కన్నే పోవచ్చు.

మరి ఏం చేయాలి? ఆ కుర్రాడు చేసింది చూస్తే ‘ఇంతేనా’ అనిపించింది. గాలి ఆడే రంధ్రాలున్న డబ్బాలో, గోరువెచ్చటి నీళ్లలో తడిపి పిండిన గోనెసంచి మడతలు పెట్టాడు. పామును అందులో వదిలి, మూతపెట్టి నీడన ఉంచాడు. ‘‘ఇగ దాని పని అది చేసుకుంటది. మనం ముట్టకుంటే చాలు’’ అన్నాడు. మా చిన్నాయన నవ్వాడు. ‘‘పోగు చిక్కువడ్డా గంతే బిడ్డా. గుంజితే తెగుతది.’’ నలభై ఏళ్లుగా పోగులతో బతికిన మనిషి ఆయన.

పొద్దున చూస్తే గోనె మడతల్లో పొర, పక్కనే మిలమిలా మెరిసే పాము. ఆ పొరలో తల భాగాన్ని కుర్రాడు వెలుగుకు పట్టి చూపించాడు. కళ్లున్నచోట రెండు గుండ్రటి గాజు పొలుసులు! ‘‘ఇవి రెండూ వచ్చినయంటే కండ్లు మంచిగున్నట్టే.’’ అటవీశాఖ సిబ్బంది దాన్ని మానేరు వైపు పొదల్లో వదిలేశారు.

నగరాల్లో బాల్ పైథాన్ అనే ఆఫ్రికా కొండచిలువను పెంచుకునేవాళ్లు చేసేదీ ఇదే. తడి నాచు పెట్టిన డబ్బా, గోరువెచ్చటి నీళ్ల తొట్టి, బోలెడంత ఓపిక. అప్పటికీ కంటి పొర రాకపోతే పశువైద్యుడి దగ్గరికే. అలాంటి విదేశీ పాములను 2024 నిబంధనల ప్రకారం ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. మన నాగుపామునో జెర్రిపోతునో ఇంట్లో ఉంచుకోవడం మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

మరి బుట్టలో తిరిగే నాగుపాము సంగతి? నాగుల పంచమికి ముందు దాని కోరలు పీకి, రోజుల తరబడి నీళ్లివ్వకుండా మాడుస్తారు. దాహంతో అల్లాడే పాము ముందు ఏం పెట్టినా తాగుతుంది. మనం పాలు తాగిందని మురిసిపోతాం. ఆ పాలు దానికి అరగవు. అలా ఎండిపోయిన ఒంటిమీద కుబుసం ఎలా ఊడుతుంది? పైగా పసుపూ కుంకుమా!

ఈసారి శ్రావణంలో ఆ బుట్ట మీ గడప ముందుకొస్తే, పాలగిన్నె తెచ్చేముందు దూరం నుంచే పాము కళ్లు చూడండి. మసకగా ఉన్నాయా? దానికి కావాల్సింది కాస్త తడి, కాస్త చీకటి. అటవీశాఖకు ఒక్క ఫోన్ చేయండి. పుణ్యం దక్కేది ఆ ఫోన్‌తోనే.