గాజీపూర్ గుట్టపై గద్దలు

ఢిల్లీ జామా మస్జిదులో అస్ర్ నమాజు ముగించుకుని నేను బస చేసిన ఇంటికి చేరేసరికి, ఇంటి పెద్దాయన పళ్లెం పట్టుకుని డాబా ఎక్కుతున్నారు. మనుమరాలికి జ్వరం తగ్గిందట, గద్దలకు సదఖా. ఆయన మాంసపు తునకను పైకి విసరడమే ఆలస్యం, ఎక్కడినుంచో ఒక గద్ద వచ్చి కాళ్లతో ఒడిసిపట్టి, ఎగురుతూనే తినసాగింది. క్షణాల్లో ఆకాశం నిండిపోయింది.

"మా అబ్బాజాన్ కాలం నుంచీ ఇంతే, బేటా" అన్నారు.

ఈ నగరంలో గద్దల గూళ్లను లెక్కించిన పరిశోధకులు కూడా ఈ సంగతి గుర్తించారు. వీధుల్లో చెత్త, ముస్లిం బస్తీల్లో విసిరే మాంసం, ఈ రెండూ దొరికే చోటనే గూళ్లు అధికం. ఇంత పెద్ద వేటపక్షి ఇంత దట్టంగా నివసించే నగరాలు ప్రపంచంలోనే అరుదు.

మరునాడు చాచా నన్ను గాజీపూర్ తీసుకువెళ్లారు. పాత నగరపు ఈద్గా కబేళా అక్కడికే తరలిపోయింది. పక్కనే చెత్త గుట్ట. 1984లో మొదలై, 2002కే నిండిపోయినా ఆగక పెరిగి, 2019 నాటికి సుమారు 65 మీటర్లకు చేరింది. కుతుబ్ మినార్ 73 మీటర్లు! ఆ దుర్గంధంలో ముక్కు మూసుకుని తలెత్తితే వేల రెక్కలు. శీతాకాలంలో హిమాలయాలు దాటి మధ్య ఆసియా నుంచి వచ్చే గద్దలూ ఇక్కడే దిగుతాయి.

2017లో ఈ గుట్ట విరిగిపడి ఇద్దరు మరణించారు. కనుక దీనిని తవ్వి, జల్లెడపట్టి తరలిస్తున్నారంటే ఎవరు కాదనగలరు? నేనూ కాదనను. అయితే లండన్ వీధుల్లోనూ ఒకప్పుడు ఎర్రగద్దలు చెత్త ఏరుకుని బ్రతికేవి. వీధులు శుభ్రపడ్డాయి, మనుషులు వాటిని చంపారు. 18వ శతాబ్దం ముగిసేసరికి అక్కడ వాటి గూళ్లు లేకుండాపోయాయి. మన దేశంలో రాబందుల గతి మరింత విషాదం. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా వాటి ప్రాణం తీసింది. 2006లో నిషేధించేసరికి చాలావరకు తుడిచిపెట్టుకుపోయాయి.

గుట్టను తరలించే లెక్కల్లో లారీలున్నాయి, టన్నులున్నాయి. పక్షుల పద్దు ఎక్కడా నా కంటపడలేదు. డాబాలపై పళ్లెం మాంసం ఈ లోటు తీర్చలేదని చాచాకూ తెలుసు.

"గుట్ట పోవాలి. దాని కిందనే మా చెల్లెలి ఇల్లు" అన్నారాయన తిరుగుదారిలో. కొంతదూరం మౌనంగా నడిచి, మాంసం కొట్టు ముందు ఆగి, రోజూ కంటే పావుకిలో ఎక్కువ తూయించారు.