గోడ దిగిన తుపాకి

తుపాకిని గూర్చి యొక యిల్లాలు వ్రాయుట యేమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. మావారు బడిపంతులు. మేము బాల్యమున తండ్రిగారి యొద్ద భారత భాగవతములను, కొన్ని సంస్కృత నాటకములను చదువుకొన్నవారము. గరిటెయు గ్రంథమును దక్క వేఱాయుధము మా చేతికి తెలియదు. ఐనను కర్నూలు జిల్లా నల్లరేగడి పల్లెయందలి మా యత్తవారింట, నడవగోడకు రెండు కొయ్యల మీద నొక పాత తుపాకి యుండెను. పదునైదేండ్లుగా దాని దుమ్ము తుడుచుట మా పని. గడచిన కార్తికమున నది గోడ దిగినది. అప్పుడు మా యింట జరిగినదానిని మీతో చెప్పుకొనుటకే యీ నాలుగు మాటలు.

అది మూతినుండి మందు కూరెడు తుపాకి. మామగారి తండ్రిగారి నాటిది. నూటికి సుమారు 75 పాళ్లు సురేకారము, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకము కలిపిన మందును గొట్టములో పోసి, గుడ్డపేలిక నదిమి, గుండు వేసి, కడ్డీతో దట్టింపవలెను. తొల్లి నిప్పువత్తిని తాకించి మందు నంటించెడివారు. పిమ్మట చెకుముకిరాయి వచ్చినది. ఆ రాతితుపాకిలో పైగిన్నెలోని మందు ముందు భగ్గుమని, మఱుక్షణమున లోనిమందు పేలును. ఆ మెఱుపు చూచి పిట్టలు లేచిపోవుచున్నవని విసిగిన స్కాట్లాండు దేశపు మతాచార్యుడు అలెగ్జాండరు ఫోర్సిత్తు, దెబ్బ తగిలినంతనే యంటుకొను రసాయనమును తుపాకికి జోడించి 1807లో హక్కుపత్రము పొందెను. రాగిటోపీ తుపాకులకు నాందీవాక్య మదియే. మా యింటిది యా టోపీజాతిది. పంట కావలికని మామగారి పేర లైసెన్సు కలదు. ఉత్తమందు పేల్చి అడవిపందులను బెదరించుటకు దక్క నది మఱి దేనికిని పనికి రాలేదు.

ఇట్టి పాత తుపాకులతో జింకలను వేటాడుట నేటికిని వేడుకగా గల దేశములున్నవి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున 1974 నుండి చెకుముకి తుపాకుల వారికై ప్రత్యేకముగా నొక వేటకాల మేర్పఱచిరని మావారొకనాడు చదివి చెప్పిరి. ఉన్నది యొకటే గుండు. తప్పినచో మృగము బ్రదికిపోవును గనుక నది ధర్మమైన వేట యని యా వేటగాండ్ర వాదమట. విన్ననాడు మేమును తల యూపితిమి.

మా చేలపై బడునది కృష్ణజింక. మన కావ్యభాషలో ఇఱ్ఱి. పోతు నల్లనిది, మెలితిరిగిన కొమ్ములు గలది. లేడి గోధుమవన్నెది, సాధారణముగా కొమ్ములు లేనిది. దుప్పి కొమ్ములు రాలి మరల మొలచును గాని ఇఱ్ఱి కొమ్ములు రాలవు. ఇది ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రమృగము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున మొదటి షెడ్యూలులో చేరినది. దీనిని చంపినవారికి మూడేండ్లకు తక్కువ కాకుండ ఏడేండ్ల వఱకు చెఱ.

మా మఱది అప్పు చేసి శనగ విత్తెను. మొలక రెండాకులు వేసినంతనే యొక రాత్రి మంద వచ్చి మూడెకరములు నున్నగా మేసిపోయినది. మరల విత్తనములు కొని విత్తెను. మరల మేసినవి. ఆ సాయంకాల మతడు మాటలాడక లోనికి వచ్చి, తుపాకి దించి, మందుడబ్బా వెదకసాగెను. తోడికోడలు గుమ్మమున నిలిచి కన్నీరు పెట్టుకొనెను. మావారింకను బడినుండి రాలేదు. చదువుకొన్నవారము గదా యని మేము ముందునకు వచ్చి, మృగరూపమున నున్న మునిని కొట్టి పాండురాజు పొందిన శాపమును, ఆశ్రమమృగమును కొట్టవలదని దుష్యంతుని వారించిన తాపసులను జ్ఞాపకము చేసితిమి.

మఱది మా వంక చూచి, "వదినా, ఆ కథలలోని జింకలు ఒకని అప్పు మేసినవి కావు. జింకకు చట్టమున్నది. నాకేమున్నది?" అనెను.

మేము చదివిన పదునెనిమిది పర్వములలో దానికి జవాబు దొరకలేదు.

అప్పుడు అరుగు మీదినుండి మామగారు లేచివచ్చిరి. "అబ్బాయీ, పేల్చుదువు గాని, ముందొక్కమాట విను," అని కూర్చుండిరి. ఆయన చెప్పినది 1961వ సంవత్సరపు మాట. అప్పుడాయనకు పండ్రెండేండ్లు. జింకలు మనుష్యుని చూచి పరుగెత్తును గాని ఎద్దులబండికి బెదరవు. తండ్రిగారు బండిచక్రము చాటున నడచుచుండగా, మందు నింపిన కొమ్ము పట్టుకొని యీయన వెంటబోయిరట. ఏబది గజములు దాటిన నా తుపాకి గుఱి నమ్మరాదు. అంత దగ్గఱకు పోయి యొక నల్లని పోతుపై గుఱి పెట్టి పేల్చిరి. పొగ తెరవలె కమ్మినది. తెర తొలగునప్పటికి పోతు లేదు. దాని వెనుకనున్న లేడి వెనుకకాలు నీడ్చుకొని పోవుచుండెను. మరల మందు పోసి, గుండు దట్టి, టోపీ పెట్టునంతలో నది జొన్నచేను చొచ్చినది. రెండవసారి టోపీ చిట్లినది గాని మందంటుకొనలేదు. చీకటిపడువఱకు వెదకిరి. తెల్లవాఱిన పిమ్మట వాగుగట్టున కనబడినది. ప్రక్కన పిల్ల నిలుచుండి యింకను పొదుగు వెదకుచుండెనట.

"మా నాయన వేటగాడని ఊరంతయు చెప్పుకొనును. నేనును చెప్పితిని. ఆనాటినుండి ఆయన జింకమీద తుపాకి యెత్తలేదన్నమాట మాత్రము ఎవరికిని చెప్పలేదు," అని మామగారు తల వంచుకొనిరి. గుండు తప్పినచో మృగము బ్రదికిపోవునను వాదమున కొక మూడవదారి యుండునని మాకప్పుడు తెలిసినది. తగిలియు చంపని గుండే యన్నిటికంటె క్రూరమైనది.

మఱది చాలసేపు మాటలాడలేదు. తరువాత, "మఱి చేను?" అనెను. ఆ ప్రశ్నకు జవాబు మా యత్తగారిచ్చిరి. ఆమెకు అక్షరము రాదు. ఆమె పెట్టె తెఱచి పాతచీరలన్నియు కుప్ప వేసి, "అమ్మాయీ, నీవియు తే," అనిరి. మేమును తోడికోడలును మావి తెచ్చితిమి. ఇరుగుపొరుగు స్త్రీలును కొన్ని యిచ్చిరి. మూడవమాఱు విత్తి, చేని చుట్టును గుంజలు పాతి, చీరలు కట్టితిమి. రాత్రి గాలికవి రెపరెపలాడుచుండగా మగవారు వంతులు వేసికొని మంచెపై పండుకొనిరి. నష్టపరిహారమునకు అర్జీయు పెట్టితిమి. అదింకను విచారణలో నున్నది.

పంట యంతయు దక్కినదని చెప్పినచో నసత్యమగును. సగముకంటె కొంచెమెక్కువ దక్కినది. అప్పు తీరలేదు, వడ్డి తీరినది. సంవత్సరాంతమున లైసెన్సు గడువు ముగియకముందే మామగారు తుపాకిని రక్షకభటనిలయమున నప్పగించి రసీదు తెచ్చుకొనిరి. దాని నాయన తన తండ్రిగారి పటము వెనుక దాచిరి.

సోదరీమణులారా! మీ యిండ్లలోను గోడలపై కొమ్ములో, పాత తుపాకులో యుండవచ్చును. వాని కథలో సగమే మీరు వినియుందురు. ఇంటి పెద్దలు బ్రదికియుండగనే మిగిలిన సగమును అడిగి తెలిసికొనుడు. మా నడవలోని ఆ రెండు కొయ్యలకు నిప్పుడు పిల్లల పుస్తకసంచులు వ్రేలాడుచున్నవి.